రెండు గంటల ట్రిప్పు

ఇవాళ తాళంచెవి ఫ్రిజ్‌లో దొరికింది,
పాల ప్యాకెట్టు పక్కన, చల్లగా.
క్యారేజీ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.
పలాస డిపో గేటు దగ్గర లోకనాథం డ్రైవరు
"ఏటమ్మా, ఈరోజేటి మర్సిపోనావు?" అంటాడు,
జొరం తగ్గిందా అని అడిగినట్టు.

విశాఖలో డాక్టరమ్మ
కాగితం మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసి
"చిన్నప్పట్నించీ ఉందమ్మా మీకిది" అంది.
ముప్పై తొమ్మిదేళ్లు నా సీట్లోనే కూచుని వచ్చిన మనిషి
పేరు ఆరోజు తెలిసింది.

అంతకుముందు దాని పేర్లు వేరు.
మా నాన్నకి అది గాలిబుర్ర.
లెక్కల మాస్టారికి కిటికీ.
"ఒలే కిటికీ, లెగు" అంటే
బెంచీలన్నీ నవ్వేవి, లేచేది నేను.
అత్తగారు ఏ పేరూ పెట్టలేదు.
మాడిన పాలగిన్నె తెచ్చి
నా ముందు పెట్టి వెళ్లిపోయేది.

ఇది వరం అని డాక్టరమ్మ అనలేదు.
నేనూ అనను.
వరమైతే పాలు పొంగినప్పుడు పిలవాలి కదా.

కానీ రెండు గంటల ట్రిప్పు,
పలాస నుంచి కవిటి, డెబ్బై మంది.
జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడ్డ వేళ్లు,
చేపలగంప, దానిమీద తడిగోనె,
ఒకే ఫోన్లో ఇద్దరు కుర్రాళ్ల రెండు పాటలు,
వెనకచక్రం దగ్గర వదులైన బోల్టు,
ఫుట్‌బోర్డు మీద టిక్కెట్టు డబ్బుల్లేక
చెట్లు చూస్తున్నట్టు నటిస్తున్న పిల్లాడు.
అన్నీ లోపలికి వచ్చేస్తాయి.
నా బుర్రకి తలుపు పెట్టడం మర్చిపోయారు.
బడిలో దానికి బెత్తం దెబ్బలు తిన్నాను.
ఇక్కడ దానికే జీతం ఇస్తున్నారు.

మంగళవారం, శుక్రవారం
ఏడో సీట్లో నీలాచలంగారు.
పొద్దున్న ఆస్పత్రిలో నాలుగు గంటలు
మిషను ఆయన రక్తం కడిగి పంపిస్తుంది.
చేతికి దూది, పైన ప్లాస్టరు,
అద్దానికి తల ఆనించగానే నిద్ర.
ఒకసారి ఊరు దాటిపోయి
కవిటి నుంచి ఎండలో వెనక్కి నడిచాడట.
ఆరోజు కండక్టరు నేను కాదు.
చాలా నిదానస్తుడు ఆయన,
ట్రిప్పు షీటులో ఒక్క కొట్టివేత ఉండదు.

నాకు ఎవరూ చెప్పలేదు.
తాళ్లపుట్టుగ మలుపుకి ముందే
నా చెయ్యి ఆయన భుజం మీద ఉంటుంది.
"వచ్చీసిందేటమ్మా?"
"వచ్చీసింది, మెల్లగా దిగండి."

మొన్న శుక్రవారం
చిల్లర లెక్కపెడుతున్నాను, అరవై, అరవై అయిదు,
చేపల వాసన మధ్య
ఇంకో వాసన. ఇనుములాంటిది.
లెక్క అక్కడే వదిలేశాను.
ఏడో సీటు. ప్లాస్టరు ఊడి
పంచె మోకాలి దాకా ఎర్రగా,
ఆయన ఇంకా నిద్రలోనే.

దూది మీద దూది, దానిమీద నా బొటనవేలు.
"లోకనాథం, ఎక్కడా ఆపకు, సోంపేట ఆస్పత్రికి పోనీ."
ఇరవై నిమిషాలు.
టిక్కెట్టని ఎవరో పిలిచారట,
దిగాలని ఎవరో తిట్టారట,
గంప ఒరిగి చేపలు నా కాళ్ల మీదుగా జారాయట.
నాకేమీ తెలీదు.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
నా బుర్ర మొత్తం ఒక్కచోట ఉంది,
రూపాయి బిళ్లంత చోట,
ఆ వేలి కింద.

నర్సు వచ్చి "ఇంక తియ్యమ్మా" అంటే
తియ్యడం చేతకాలేదు.
ఒక్కొక్క వేలే ఆమే విడదీసింది.

ఈ మంగళవారం ఆయన మళ్లీ ఎక్కాడు.
నా కోసం నాలుగు కొబ్బరికాయలు తెచ్చి
సీటు కింద పెట్టి, చెప్పడం మర్చిపోయి దిగిపోయాడు.
ఆయన్ని చూసి నవ్వొచ్చింది నాకు,
మావాడే అనిపించి.

డిపోలో మెమో ఇచ్చారు.
పదకొండుమందికి టిక్కెట్టు కొట్టలేదు,
విధినిర్వహణలో శ్రద్ధాలోపం,
మూడు రోజుల్లో సంజాయిషీ రాసి ఇవ్వాలి.

రాస్తాను.
కాగితం ఉంది, మాటలూ ఉన్నాయి.
పెన్ను ఇప్పుడే ఇక్కడే పెట్టాను.